మీరు అడగక్కర్లేదు, మేమే వస్తాం

కాదు, 'వద్దండి' అనే మాటలో 'అండి'ని ఎంత మెత్తగా పలకాలన్నది కాదు అసలు చిక్కు. నాలుక మీద 'వద్దు'గా బయల్దేరింది పెదవుల దగ్గరికొచ్చేసరికి ఎవరో చొక్కా మార్చినట్టు 'అలాగే' అయిపోవడమే చిక్కు, అనుకున్నాడు జీవన్ కుమార్, బందరు కోనేరు సెంటర్లో టీ గ్లాసు పట్టుకుని. బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఇదే వరస. తన లోపల ఎక్కడో ఒక చిన్న గుమాస్తా కూర్చుని ఉంటాడు. వచ్చే ప్రతి 'వద్దు'నీ ఆపి, ముద్ర వేసి, 'సరే'గా బయటికి పంపుతాడు. అతన్ని ఎవరు నియమించారో కూడా జీవన్ కుమార్‌కి తెలుసు. తండ్రి సీమోను గారు పాస్టరు. ఇంటికి ఎవరొచ్చి ఏమడిగినా కాదనకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. అయితే కారణం తెలిసినంత మాత్రాన గుమాస్తా కుర్చీ ఖాళీ చేయడు.

ఆ పొద్దున అతని ప్లాను చాలా చిన్నది. మీటింగుకి వెళ్ళాలి, ఒక్కసారి 'వద్దు' అనాలి, వచ్చేయాలి. సాయంత్రం వీలుంటే కొర్రమీను కొనాలి.

అతను పనిచేసేది ఒక సమాచార సంస్థలో. పేరు తీరబంధు. రోల్డ్ గోల్డ్ నగల కొట్టు మేడ మీద రెండు గదులు. వాళ్ళకొక వెబ్‌సైటు ఉంది. డెల్టాలో మనిషికి పుట్టుక నుంచి చావు దాకా ఆఫీసుల్లో ఎదురయ్యే ప్రతి పనికీ అందులో ఒక పేజీ. కరెంటు మీటరు పేరు మార్పు, చెరువు అనుమతి, పాము కరిస్తే ఏం చేయాలి, మరణ ధ్రువపత్రం ఎలా తెచ్చుకోవాలి, ఇలా వేల పేజీలు. అన్నీ జీవన్ కుమార్ రాసినవే. వాటిలో ఎక్కడా ఒక విశేషణం కనిపించదు. పాము కరిచినవాడికి విశేషణాలు చదివే తీరిక ఉండదని అతని నమ్మకం. తన జీవితంలో ఎవరికీ చెప్పని ప్రేమంతా ఆ ఎండు వాక్యాల్లోనే పెట్టానని ఒక్కోసారి అనిపించేది. ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు.

ఏళ్ళ తరబడి అతను కాంట్రాక్టు ఉద్యోగే. ఈ వారం పర్మినెంట్ ఆర్డరు ఇస్తానని చైర్మన్ గోవర్ధనరావు గారు అన్నారు. గుడివాడలో రైసు మిల్లులున్న మనిషి, మాటంటే మాటే. జీవన్ కుమార్ భార్య దయామణి ఆ ఆర్డరు గురించి పోయిన ఆదివారమే మందిరంలో సాక్ష్యం చెప్పేసింది. కాబట్టి ఇక అది రాకుండా ఉండటానికి వీల్లేదు.

మీటింగులో అనుదీప్ గోడ మీద బొమ్మలు చూపిస్తున్నాడు. విజయవాడ నుంచి వచ్చిన బ్రాండు సలహాదారు. మోచేతుల దాకా మడిచిన నీలం చొక్కా, ఎప్పుడూ ఆశగా ఉండే కళ్ళు.

"సార్, హోమ్ పేజీ అంటే మన వీధి గుమ్మం. అక్కడ మీ మాట బోర్డు కట్టుకుని మురిసిపోతున్నాం. కానీ జనం గుమ్మంలోంచి రావట్లేదు. గూగుల్లో వెతుక్కుని, గోడ దూకి నేరుగా పెరట్లో దిగుతున్నారు. పనయ్యాక మళ్ళీ గోడ దూకి వెళ్ళిపోతున్నారు. మనమెవరో వాళ్ళకి తెలీనే తెలీదు."

"గోడ దూకేవాళ్ళతో మనకేం పనయ్యా?" అన్నారు గోవర్ధనరావు.

"వాళ్ళే సార్ మన జనం. అందుకే పెరట్లో కూడా బోర్డుండాలి. లోపలి పేజీలు ఎన్నుంటే అన్నిటి మీదా మీ మాట పడాలి."

ఆ మాట గోవర్ధనరావు గారు సొంతంగా రాసింది: 'మీరు అడగక్కర్లేదు, మేమే వస్తాం.' గుమ్మం మీద చూస్తే ముచ్చటగానే ఉండేది. అక్కడికి ఎవరూ రారు గనక.

"అండి, లోపలి పేజీల సంగతి వేరండి. అక్కడికొచ్చేవాళ్ళు ఏదో కష్టంలో ఉండి..." అని మొదలుపెట్టాడు జీవన్ కుమార్.

"కష్టంలో ఉన్నోడికి మన మాట అక్కర్లేదంటావా?"

"అని కాదండి."

"మరేంటి? చెప్పు, మొహమాటపడకు."

జీవన్ కుమార్ నోరు తెరిచాడు. గుమాస్తా ముద్ర తీశాడు. "బాగుందండి" అంది నోరు.

బయట ఫోన్లు చూసుకునే కల్పన అతని మొహం చూసి కుర్చీ వెనక్కి వాల్చింది. "ఏమైందండి?"

"రేపటికల్లా అన్ని పేజీలకీ పెట్టమన్నారు."

"మీరేమన్నారు?"

"బాగుందన్నాను."

"నయం. చైర్మన్ గారి ఫోటో కూడా పెడదామనలేదు."

"అది అనుదీప్ అన్నాడు. మన ఆఫీసు నంబరు కూడా."

"ఎత్తేది నేను గదండి, ఎన్ని నంబర్లైనా పెట్టుకోండి" అంది కల్పన.

వేల పేజీలైనా అచ్చు ఒకటే. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. పేజీ పేరు, దాని కింద చైర్మన్ గారి మాట, ఆ కింద దణ్ణం పెట్టి నవ్వుతున్న చైర్మన్ గారి ఫోటో, నంబరు. సాయంత్రం మీట నొక్కాక జీవన్ కుమార్ ఒక పేజీ తెరిచి చూసుకున్నాడు. 'పాము కరిస్తే. మీరు అడగక్కర్లేదు, మేమే వస్తాం.' కొర్రమీను కొనకుండా ఇంటికెళ్ళాడు.

మర్నాడు అతను ఆఫీసు మెట్లెక్కుతుండగానే కల్పన గొంతు వినిపించింది.

"లేదమ్మా, బెదిరింపు కాదమ్మా. ఆయన మా చైర్మన్ గారు. అవునమ్మా, పెద్దమనిషే." చేత్తో ఫోను మూసి అతని వైపు తిరిగింది. "తోట్లవల్లూరు నుంచి సత్యవతమ్మ గారట. 'ఇంట్లో దొంగతనం జరిగితే' పేజీ చూసిందట. మేమే వస్తామని రాసి, కింద నవ్వుతూ ఫోటో పెట్టారేంటి, మీకంత ధైర్యమా అంటోంది. స్టేషన్‌కి వెళ్తుందట."

"సారీ చెప్పండి."

"చెప్పాను. సారీ చెప్పే దొంగలు ఇప్పుడే చూస్తున్నానంది."

రెండో ఫోను పెదపారుపూడి నుంచి. కోదండరామయ్య అనే రైతు. మీటరు తన పేరుకి మార్చడానికి మీరే వస్తామన్నారు కాబట్టి పొలం మానుకుని కూర్చున్నానని, భోజనానికి ఎంతమంది ఉంటారో చెబితే బియ్యం పోయిస్తానని అడిగాడు. వీధికుక్కల పేజీ చదివిన ఒకాయన, ఉన్నవి చాలు, మీరు కూడా దయచేసి రావద్దని వేడుకున్నాడు.

కల్పన అనుదీప్‌కి ఫోను చేసి స్పీకర్లో పెట్టింది. అతను పొంగిపోయాడు. "చూశారా మేడమ్? నిన్నటిదాకా మనకి ఒక్క ఫోనన్నా వచ్చిందా? దీన్నే ఎంగేజ్‌మెంట్ అంటారు. నేను బయల్దేరి వస్తున్నా."

తర్వాతి ఫోను కల్పన ఎత్తి, రెండు మాటలు విని జీవన్ కుమార్ చేతికిచ్చేసింది.

"నమస్తే అండి, నా పేరు అంజి. నాగాయలంక అవతల, సముద్రం వారనండి మా ఊరు. మా నాన్న రత్తయ్య తెల్లవారుజామున పోయారండి."

"అయ్యో" అన్నాడు జీవన్ కుమార్. నిజంగానే అన్నాడు.

"సర్టిఫికెట్ ఎట్టా తెచ్చుకోవాలా అని చూస్తుంటే మీ పేజీ వచ్చిందండి. మీరు అడగక్కర్లేదు మేమే వస్తాం అని ఉంది. పెద్దలందరికీ చదివి వినిపించానండి. వస్తున్నారా?"

ఇక్కడ చెప్పాల్సిన జవాబు చిన్నపిల్లలకి కూడా తెలుసు. తల అడ్డంగా ఊపితే చాలు, మాటతో కూడా పనిలేదు. కానీ ఫోనులో తల ఊపితే కనపడదు. పైగా అవతల మనిషి తండ్రి పోయిన మనిషి. ఇవాళ అతనికి ఒకసారి 'లేదు' అయిపోయింది, దాని మీద ఇంకొక 'లేదు' ఎలా వేయడం? "అదీ... చూద్దామండి" అన్నాడు జీవన్ కుమార్.

"మంచిదండి" అని అంజి పెట్టేశాడు.

సముద్రం వారన ఆ ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. పాడె ఎత్తే ముందు ఊరిపెద్ద నిలబడి, రావలసినవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా అని మూడు దిక్కులకీ అడుగుతాడు. నాలుగో దిక్కు సముద్రం. వేటలో ఉన్నవాడి కోసం, పడవ దిగుతున్నవాడి కోసం ఆగడం వాళ్ళకి అలవాటు. వస్తానని కబురు పెట్టినవాడు వచ్చేదాకా పాడె కదలదు. పోయినవాడు తన కోసం వస్తున్నవాణ్ణి ఎదురొచ్చి పలకరించలేడు గనక, ఉన్నవాళ్ళు ఆగాలని వాళ్ళ లెక్క. వచ్చేది ఎవరు, ఎందుకొస్తున్నారు అన్నది ఆ లెక్కలోకి రాదు.

మధ్యాహ్నానికి అంజి మళ్ళీ చేశాడు. "ఎక్కడిదాకా వచ్చారండి?"

జీవన్ కుమార్ తన కుర్చీ వంక చూసుకున్నాడు. "చల్లపల్లి దాటామండి" అన్నాడు.

కల్పన రెండు చేతులతో తల పట్టుకుంది. "చల్లపల్లే ఎందుకండి? కనీసం బందరు దాటామన్నా బాగుండేది, దగ్గర."

"వాళ్ళు ఎత్తకుండా ఆగారట కల్పన గారూ. సాయంత్రం పోటొస్తే శ్మశానం దారి మునిగిపోతుందట. మళ్ళీ నీళ్ళు తీసేదాకా ఇంట్లోనే ఉంచాలి."

"అయితే ఫోను చేసి రాలేమని చెప్పండి."

ఫోను తీసుకున్నాడు. పెట్టేశాడు. చల్లపల్లి దాటినవాడు రాలేనని ఎలా చెబుతాడు?

ఈ సంగతి గుడివాడలో ఉన్న గోవర్ధనరావు గారికి అనుదీప్ ద్వారా చేరింది. ఆయన కోప్పడలేదు. గొంతు గద్గదమైంది. "మాటిచ్చాం. వెళ్ళాల్సిందే. నువ్వూ అనుదీపూ ఆఫీసు కారులో బయల్దేరండి. నేనూ దండ తీసుకుని వస్తున్నా. జీవన్, నీ ఆర్డరు మీద సంతకం పెట్టి జేబులో పెట్టుకున్నా. అక్కడే, అందరి ముందూ ఇస్తా."

"శవం దగ్గరాండి?" అన్నాడు జీవన్ కుమార్.

"మనం జనంలో ఉన్నామని తెలియాలి గదయ్యా."

"బాగుందండి."

కారు నిజంగా చల్లపల్లి దాటినప్పుడు జీవన్ కుమార్‌కి ఒక విచిత్రమైన ఊరట కలిగింది. తను చెప్పిన అబద్ధాన్ని ఇంతసేపటికి అందుకున్నాడు. దాని పక్కన కాసేపు ప్రయాణం చేసి, అవనిగడ్డ వచ్చేసరికి దాన్ని దాటేశాడు. మనుషులు నిజం చెప్పడానికి బదులు ఇలా వెంటపడి అబద్ధాలను నిజం చేసుకుంటూ బతికేస్తారేమో, తన సరేలన్నీ ఈ పరుగేనేమో అనుకున్నాడు. పక్కన అనుదీప్ ఫోనులో వెలుతురు సరిచూసుకుంటున్నాడు.

ఊరు రోడ్డు చివర ఉంది. వలలు ఆరేసిన గుంజల మధ్య పందిరి. మగవాళ్ళు నిలబడే ఉన్నారు, ఆడవాళ్ళు ఏడ్చి అలిసి కూర్చున్నారు. కారు ఆగగానే కూర్చున్నవాళ్ళు కూడా ఒక్కసారి లేచారు. జీవన్ కుమార్ కాళ్ళకి ఎవరో చెంబుతో నీళ్ళు పోశారు. తన కోసం ఎదురుచూసిన అన్ని మొహాలను అతను ఎప్పుడూ చూడలేదు, పెళ్ళిలో కూడా.

రత్తయ్య కూతురు వీరదుర్గ దగ్గరికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "మా నాన్న మీకెట్టా తెలుసు బాబూ?"

"అంటే... పేజీ ద్వారా అమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపింది. ఆ జవాబు అర్థమైనట్టు ఉంది, లేదా అర్థం కావలసిన అవసరం లేనట్టు ఉంది. కళ్ళు మాత్రం పందిరి అవతలకి పోయాయి. అక్కడ శ్మశానం వైపు, పాయ ఒడ్డున దారి తడితో తళుక్కుమంటోంది.

ఊరిపెద్ద గంగరాజు ముందుకొచ్చాడు. ఎండిన తాటిమట్టలా ఉన్నాడు. మెడలో తువ్వాలు సర్దుకుని అడిగాడు. "రావాల్సినోళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా?"

జీవన్ కుమార్ ఊపిరి పీల్చుకునేలోపు అనుదీప్ చెయ్యెత్తాడు. "ఉన్నారండి. మా చైర్మన్ గారు దండతో వస్తున్నారు."

గంగరాజు ఒక్కసారి పాయ వంక చూసి, "మంచిది" అని కూర్చున్నాడు. పాడె పట్టడానికి వంగినవాళ్ళు మళ్ళీ నిటారుగా నిలబడ్డారు. వీరదుర్గ చెంగు తీసి తండ్రి మొహం మీద ఈగలు తోలడం మొదలుపెట్టింది.

జీవన్ కుమార్ గుంజల చాటుకెళ్ళి ఫోను చేశాడు. గోవర్ధనరావు గారి గొంతు ఎక్కడో మూసిన గదిలోంచి వచ్చినట్టుంది.

"పెదపారుపూడిలో ఆపేశారయ్యా. మిల్లు పని చూసుకుని వద్దామని ఇటు వచ్చా. టీ తాగుతుంటే ఒకాయన ఫోను తీసి, నా మొహం పక్కన నా ఫోటో పెట్టి చూశాడు. ఎవరో కోదండరామయ్య. మీటరు మార్చేదాకా కదలనివ్వనంటున్నాడు. ఇంటికి తీసుకొచ్చి పీట వేశాడు, విస్తరి వేశాడు. ఊరంతా చూడ్డానికొచ్చింది."

"మీటరు మార్చడం మన చేతుల్లో లేదని చెప్పండి సార్."

"ఎట్టా చెప్పనూ? మేమే వస్తామన్నదీ నేనే, వచ్చిందీ నేనే."

"ఇక్కడ నీళ్ళు వస్తున్నాయండి. మీరు రావట్లేదని చెప్పేస్తే ఎత్తేస్తారండి."

"వద్దు. అలా చెప్పావంటే మన మాట ఏమైపోవాలి? రేపు ఏ పేజీ మీద ఆ లైను ఉంటుంది? అరగంటలో బయల్దేరతా, ఆపించు. నేను రాకుండా ఎత్తారో, ఈ ఆర్డరు ఇక్కడే చించేస్తా. విన్నావా?"

"విన్నానండి."

ఫోను దించాడు. గుడివాడ అంచున ఉన్న ఊరు నుంచి ఇక్కడికి అరగంటలో రావడం ఎవరివల్లా కాదు. నీళ్ళు దారి మీదికి నాలుకలా ఒకసారి వచ్చి, నేల రుచి చూసి వెనక్కి వెళ్ళాయి. దయామణి మందిరంలో లేచి నిలబడి చెప్పిన సాక్ష్యం గుర్తొచ్చింది. ఆమె వెనక బెంచీల్లో తల ఊపినవాళ్ళు గుర్తొచ్చారు. ఒక్క అరగంట మౌనంగా ఉంటే చాలు, ఆర్డరు తనది. మౌనంగా ఉండటంలో తనను మించినవాడు లేడు. రత్తయ్యకి కూడా ఇప్పుడు తొందరేమీ లేదు. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో చూసి అతనికి భయమేసింది. ఇన్నాళ్ళూ తన సరే ఎవరికీ నష్టం చేయదని, అది మంచితనానికి దగ్గరి చుట్టమని అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు అదే సరే ఒక శవాన్ని పందిట్లో పట్టుకుని కూర్చుంది. దాని మీద ఈగలు తోలుతున్నది వేరే మనిషి.

పందిరిలోకి నడిచాడు. గంగరాజు ఎదుట నిలబడ్డాడు. మాట బయటికొచ్చేసరికి మరీ పెద్దగా వచ్చింది.

"ఎవరూ రారండి. చైర్మన్ గారు రారు. అసలు మేం మీకేమీ కామండి. అది ఊరికే పేజీ మీద పెట్టుకున్న మాట. పాము కరిచినా అదే, కుక్క కరిచినా అదే ఉంటుంది. నేనే పెట్టాను. మీరు మా కోసం ఆగొద్దండి, ఎత్తెయ్యండి."

తనని కొడతారని అతను ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

గంగరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "ఆ సంగతి పొద్దున్నే అర్థమైంది బాబూ. మా అంజి ఆ ఫోనులో ఇంకో పేజీ తిప్పితే పశువుల సంత దగ్గర కూడా అదే బొమ్మ ఉంది."

"మరి ఎందుకు ఆగారండి?"

"వస్తానన్నోణ్ణి రావొద్దనడానికి మేమెవరం? రానన్న మాట వస్తానన్నోడే చెప్పాలి." పాడె దగ్గరికి నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఫోనులో చెప్పినా సరిపోయేది."

నలుగురు వంగారు. పాడె లేచింది. వీరదుర్గ గొంతు ఒక్కసారి పైకి లేచి, మిగతా గొంతులు దానిలో కలిశాయి. జీవన్ కుమార్ జేబులో ఫోను మోగింది. చైర్మన్ గారి పేరు. ఆగింది. మళ్ళీ మోగింది. అతను దాన్ని తీసి, ఆ పేరు వెలుగుతుండగానే ఆపేసి, జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు విడిచి అందరి వెనకా నడిచాడు.

పాయ దగ్గర నీళ్ళు అప్పటికే చీలమండలు దాటాయి. జనం ఆగకుండా దిగిపోయారు. ఒడ్డున అనుదీప్ నిలబడిపోయాడు. తీయాలనుకున్న ఫోటో తీయలేదు. బూట్లు చేత్తో పట్టుకుని, మోకాళ్ళ దాకా ప్యాంటు మడుచుకుని, దిక్కుతోచనట్టు చూశాడు.

"జీవన్ గారూ, వీళ్ళతో నీళ్ళలో ఎలా నడవాలో, ఏం చెయ్యాలో నాకేమీ తెలీదండి. దీనికేమన్నా మన దగ్గర పేజీ ఉందా?"

"లేదు" అన్నాడు జీవన్ కుమార్, నీళ్ళలోకి దిగుతూ.